క్వార్టర్ వార్తలు

“ఇయ్యాల ఛాయ్‌ల నీళ్లెక్కువైనయ్” అని మా ఆయన గేటు దగ్గర నుంచే కేకేశాడు. ఆ కేక నా కోసం కాదు. చుట్టూ కుర్చీల్లో ఉన్నవాళ్లకు, వంటింట్లో కూడా తన మాటే నడుస్తుందని తెలియడం కోసం. నేను రెండో గిన్నె స్టవ్ మీద పెట్టి అల్లం దంచుతున్నాను. దంచుతున్నది అల్లాన్నే అని చూసినవాళ్లు అనుకుంటారు. మా అత్త సారలమ్మ మాత్రం మంచం మీద నుంచి “గంత గట్టిగ దంచుతున్నవ్, ఎవల మీద కోపమే” అంది. ఎవల మీదో ఆమెకు తెలుసు. తెలిసి అడగడం ఆమెకు కాలక్షేపం.

మా ఆయన పేరు నర్సింగం. గని స్టోర్సులో జనరల్ షిఫ్టు డ్యూటీ. సాయంత్రం రాగానే స్నానం చేసి, బనీను మీద తువ్వాలు వేసుకుని మా క్వార్టర్ గేటు ముందు కూర్చుంటాడు. ఆయన కూర్చుంటే కాలనీ మగవాళ్లంతా వచ్చి కూర్చుంటారు. రిటైరైన ముత్యం కాక, పక్క లైను బిక్షం, షిఫ్టు దిగి వచ్చే ఇంకొందరు. కుర్చీలు వేసేది నేను, ఎత్తేది నేను, కప్పులు కడిగేది నేను. ఆయన చేసేది వార్తలు చదవడం. ఒకప్పుడు పేపర్ చూసి చదివేవాడు, ఇప్పుడు ఫోన్ చూసి చదువుతున్నాడు. గొంతు మంచిది, కాదనను. టీవీలో వాళ్లలా ఒక్కో వాక్యాన్ని సాగదీసి, చివర తల ఊపి, అందరి మొహాలూ చూస్తాడు. చదివే ముందు తనలో తాను ఒకసారి చదువుకోవడం మాత్రం ఆయనకు అలవాటు లేదు. కళ్లద్దాలు పెట్టుకోమంటే ముసలోళ్లకు అంటాడు. అందుకని ఫోన్‌లో అక్షరాలు నేనే బాగా పెద్దవి చేసి పెట్టాను. తెర మీద రెండు మూడు లైన్ల కంటే పట్టవు. కింద ఏముందో బొటనవేలు జరిపితే గానీ ఆయనకు తెలియదు. ఈ సంగతి కొంచెం గుర్తుపెట్టుకోండి.

వానలు మొదలైన రోజుల్లో ఎవరో పంపిన మెసేజీని ఆయన మా కాలనీ గ్రూపులో పెట్టాడు. రేపు ఫస్టు షిఫ్టు లేదు, అందరూ సెకండ్ షిఫ్టుకు రావాలట. అది అబద్ధం. మిగతావాళ్లు ఫోన్లు చేసి కనుక్కున్నారు. బిక్షం మాత్రం మా ఆయన మాట మీద నమ్మకంతో ఇంట్లో పడుకున్నాడు. మస్టర్ పోయింది, అంటే ఆ రోజు హాజరు పోయింది. పైగా ఆఫీసులో నిలబెట్టి నాలుగు మాటలన్నారట. సాయంత్రం వచ్చి గేటు పట్టుకుని నిలబడ్డాడు. “నర్సింగన్నా, ఏం వార్తనే నువ్వు పెట్టింది? నా మస్టర్ వాయె.”

మా ఆయన కన్ను కూడా ఆర్పలేదు. “నేనేడ పెట్టిన్నే. ఫోన్ యమున చేతుల ఉండె. ఏదో నొక్కింది, గ్రూపుల పడ్డది. ఆడోళ్ల చేతికి ఫోన్ ఇస్తే గంతే.”

నేను కప్పుల ట్రేతో తలుపులోనే ఉన్నాను. నోరు తెరిచాను. ఆయన కళ్లతోనే లోపలికి పొమ్మన్నాడు. పోయాను. అలా పోవడం నాకు పెళ్లయినప్పటి నుంచీ అలవాటు, కాళ్లు వాటంతట అవే పోతాయి. మరునాడు నల్లా దగ్గర బిక్షం భార్య మల్లక్క నా బిందె పక్క నుంచి తన బిందె తీసుకుంది. “జరుగక్కా. నువ్వు ముట్టుకున్న చోట మాకు తిప్పలొస్తున్నయ్” అంది. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేనూ నవ్వాను. ఆ నవ్వు ఎలా వచ్చిందో ఇప్పటికీ నాకు అర్థం కాదు. ఇంటికొచ్చి నీళ్లు పోసుకుంటూ ఆ నవ్విన నోటిని రుద్ది రుద్ది కడుక్కున్నాను. దాని తర్వాత కాలనీలో ఎవరి ఫోన్ పాడైనా “యమున గిట్ల ముట్టిందా” అనడం ఒక జోకైంది. ఆ జోకుకు అందరికంటే ముందు నవ్వేది మా ఆయన.

ఆ తర్వాత కొన్నాళ్లు గేటు ముందు కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. కుర్చీలు ఖాళీ అయితే ఆ బరువంతా ఇంట్లో పడుతుంది. కూరలో ఉప్పు లేదు, చొక్కా మీద మరక పోలేదు, ఈ ఇంట్లో మనిషికి మర్యాద లేదు. ఒకరోజు ఆధార్ కాగితం జిరాక్సుకని మార్కెట్లో నుస్రత్ బేగం దుకాణానికి పోయాను. నుస్రత్, వాళ్లాయన చాంద్ పాషా కలిసి ఆన్‌లైన్ సెంటర్ నడుపుతారు. ఉద్యోగ ప్రకటనలు, హాల్ టికెట్లు, పరీక్ష ఫలితాలు, ఏదొచ్చినా మా గోదావరిఖనిలో అందరికంటే ముందు వాళ్ల దుకాణం అద్దం మీద కాగితం పడుతుంది. ఇంత జల్దీ నీకెట్ల తెలుస్తది అని అడిగాను.

ఆమె కంప్యూటర్ నా వైపు తిప్పింది. ఒక పక్కన సైట్ల పేర్లు, ఒక పక్కన వాటి నుంచి వచ్చిన వార్తలు, వరసగా. బొమ్మల గోల లేదు, వీడియోల మోత లేదు. “దీన్ని ఫీడ్ రీడర్ అంటరు. ఒక్కో సైటుకు ఒక ఫీడ్ ఉంటది. దాన్ని ఆర్ ఎస్ ఎస్ ఫీడ్ అంటరు” అంది. నేను ఆమె మొహంలోకి చూశాను. నుస్రత్ పకపకా నవ్వింది. “గది కాదు తల్లీ. పేరు విని నేను గూడ మొదలు గట్లనే చూసిన. ఇది కంప్యూటర్ ముచ్చట. చూడు, మనం రోజూ పది సైట్లు తెరిచి ఏమొచ్చింది, ఏమొచ్చింది అని దేవులాడుతమా లేదా? గట్ల కాదు. ఒక్కపారి ఆ సైటు పేరు ఇండ్ల వేస్తివంటే, ఆడ కొత్తది ఏది పడ్డా అది నీ ఇంటికే వస్తది. నల్లా లెక్క. నువ్వు బోరింగు కాడికి పోయేదే లేదు.”

“ఎవరన్నా అబద్ధం పంపితే?”

“ఎవల్నీ పంపనియ్యదు గద. నువ్వు పిలిచినోళ్లే వస్తరు. వచ్చినోడు సతాయిస్తే పేరు మీద నొక్కి పట్టు, తీసెయ్యమంటే పోతడు. ఫికర్ లేదు.”

నువ్వు పిలిచినోళ్లే వస్తరు. ఆ మాట నాకు ఎంత తియ్యగా వినబడిందో నుస్రత్‌కు తెలియదు. మా ఇంటికి నేను పిలిచినవాళ్లు ఎవరూ ఎప్పుడూ రాలేదు.

ఆమె నా ఫోన్‌లో ఆ యాప్ వేసింది, ఒక ఖాతా తెరిచింది. ఎలా మొదలుపెట్టాలో చెప్పింది. సైటు పేరు వెతికి దొరికితే కలుపుకోవాలి. దొరక్కపోతే ఆ సైటులో మూల ఎక్కడో నారింజ రంగులో, చుక్క మీద అలలు లేచినట్టు ఒక గుర్తు ఉంటుంది, దాన్ని నొక్కి ఆ అడ్రసు తెచ్చి ఇక్కడ పెట్టాలి. కొన్ని సైట్లకు అసలే ఉండదు, వాటిని వదిలెయ్యాలి. మొదటి రోజే యాభై కలిపితే చదవలేక పారిపోతాం, కాబట్టి నాలుగైదుతో మొదలుపెట్టాలి. వాతావరణం ఒకటి, జిల్లా వార్తలు రెండు, ఉద్యోగాలది ఒకటి, గనుల గురించి రాసేది ఒకటి కలిపాను. అదే ఖాతా మా ఆయన ఫోన్‌లో కూడా తెరిచాను. నేను మధ్యాహ్నం బియ్యం ఏరినట్టు వార్తలు ఏరి, మంచివాటికి చుక్క గుర్తు, అంటే స్టార్, పెడతాను. చుక్క పెట్టినవన్నీ సాయంత్రానికి ఆయన ఫోన్‌లో వరసగా ఉంటాయి.

“ఫీడ్ రీడరా? మీటర్ రీడర్ లెక్క ఇంటింటికి తిరుగుతదా అది?” అన్నాడు ఆయన మొదటిరోజు. మా అత్తకు ఆ మాట నోరు తిరగలేదు. “ఏం పీడనే అది. ఆ పీడల వడి పొయ్యి మీద పాలు పొంగిస్తున్నవ్” అంది. కానీ వారం తిరగకుండానే కుర్చీలు నిండాయి. వాన ఎప్పుడు పడుతుందో, ఏ నోటిఫికేషన్ వచ్చిందో, పక్క జిల్లాలో ఏం జరిగిందో, ఏదీ అబద్ధం కావడం లేదు. “నర్సింగన్న కాడ వార్త ఖరా ఉంటది” అని మళ్లీ పేరొచ్చింది. ఇదెట్ల చేస్తున్నవన్నా అని ఎవరైనా అడిగితే, “ఫోన్ మంచిదే కొన్న గద” అనేవాడు. ఛాయ్ ఇస్తూ విన్నాను. తప్పుడు వార్త నాదైంది. నిజం వార్త ఆయనదైంది. అయినా ఊరుకున్నాను. ఇల్లు ప్రశాంతంగా ఉంది కదా అని. ఈ ప్రశాంతం అనే దాన్ని ఆడవాళ్లం ఎంత పోసి కొంటామో ఎవరూ అడగరు.

నీళ్లెక్కువైనయ్ అని ఆయన కేకేసిన రోజే దీప వచ్చింది. కాలనీ ఆడవాళ్లకు కమ్యూనిటీ హాల్‌లో క్లాసులు పెట్టే అమ్మాయి. ఫోన్‌లో నిజమైన వార్తలు ఎలా తెచ్చుకోవాలో ఒక క్లాసు మొదలుపెడదామని, మా గేటు దగ్గర చదివే వార్తల గురించి విని వచ్చింది. “సార్, ఇదంతా సెట్ చేసింది ఎవరు?” అని అడిగింది.

“ఇంకెవలు, నేనే” అన్నాడు.

“అయితే ఆ క్లాసు మీరే చెప్పాలె సార్. అక్కను కూడా పంపండి, నేర్చుకుంటది.”

“ఆమెకెందుకు మేడమ్” అని నవ్వాడు. “ఆమెకు బటన్లు గూడ తెల్వయ్. ఛాయ్ అయితే మంచిగ పెడ్తది, అది గూడ ఇయ్యాల నీళ్లెక్కువ వోసింది.”

బిక్షం కప్పు అందుకుంటూ అన్నాడు, “వదినె బటన్ నొక్కితే ఏమైతదో నాకు తెల్సు గద మేడమ్. నా మస్టర్‌ను అడుగుర్రి.” అందరూ నవ్వారు. దీప నా వైపు చూసింది. నేను కప్పుల వైపు చూశాను. ట్రే నా చేతుల్లో గలగలలాడింది. ఆ చప్పుడుకు కూడా ఎవరో నవ్వారు. వచ్చే ఆదివారం కాలనీ ఆడవాళ్లను తీసుకొచ్చి ఆయన చదవడం చూపిస్తానని, అక్కడే క్లాసు సంగతి చెబుతానని చెప్పి దీప వెళ్లిపోయింది.

“ఆడనే చెప్పకపోయినవా, నేనే పెట్టిన అని” అంది నుస్రత్ మరునాడు. చెబితే ఏమవుతుంది? నవ్వుతారు. ఆ గేటు దగ్గర నా గొంతుతో వచ్చిన మాట ఛాయ్‌లో ఈగ లాంటిది, వేలితో తీసి పారేస్తారు. ఆయన గొంతుతో వస్తేనే అక్కడ అది వార్త. నా మీద వేసిన అబద్ధం ఆయన గొంతుతో వేసిందే. తియ్యాల్సింది కూడా ఆ గొంతే. ఈ ఆలోచన ఒక్కసారిగా వచ్చింది. వచ్చాక నాకు భయం వేయలేదు, ఆకలి వేసింది. దుకాణంలో కూర్చునే రెండు సమోసాలు తిన్నాను.

“నుస్రత్, నేను రాసింది గూడ ఫీడ్ లెక్క వస్తదా?”

నుస్రత్ నా మొహం చూసి, ఏదో అర్థమైనదానిలా కుర్చీ దగ్గరికి లాక్కుంది. బ్లాగు తెరిస్తే డబ్బులు అక్కర్లేదట, తెరిచిన ప్రతి బ్లాగుకూ దాని ఫీడ్ దానికే ఉంటుందట. పేరు ఏం పెట్టాలంటే క్వార్టర్ వార్తలు అన్నాను. ఆ అడ్రసు తెచ్చి మా రీడర్‌లో కలిపాం, జిల్లా వార్తల పక్కన. ఆ వారమంతా కూరగాయలు తరుగుతూ, బట్టలు పిండుతూ నా మనసులో రాసుకున్నాను. పేపర్ భాషలోనే రాశాను. ఎంతైనా పెళ్లయిన రోజు నుంచీ వంటింట్లో నిలబడి ఆయన చదివే వార్తలు విన్నదాన్ని.

ఆదివారం పొద్దున మూడు వార్తలు బ్లాగులో పెట్టాను. మధ్యాహ్నం రీడర్ తెరిస్తే నావి రాలేదు. రాసినవి రాసినట్టే రావు, రీడర్ పోయి తెచ్చుకోవడానికి కాస్త సమయం పడుతుందని నుస్రత్ చెప్పింది గుర్తొచ్చింది. తెరను కిందికి లాగుతూ, వదులుతూ కూర్చున్నాను. అన్నం అడుగంటింది. అత్త పీడ, పీడ అని గొణుగుతోంది. అప్పుడు వచ్చాయి. నా మూడు వార్తలకూ చుక్కలు పెట్టాను.

సాయంత్రం గేటు ముందు ఎప్పుడూ లేనంత మంది. దీప పక్కన కాలనీ ఆడవాళ్లు, వాళ్లలో మల్లక్క, చివర నుస్రత్. నేను స్టవ్ వెలిగించలేదు. వచ్చి నుస్రత్ పక్కన కుర్చీలో కూర్చున్నాను. నేను రోజూ వేసి ఎత్తే కుర్చీయే అది. అందులో కూర్చోవడం అదే మొదటిసారి. మా ఆయన పళ్ల మధ్య నుంచి “ఛాయ్ ఏదే?” అన్నాడు.

“వార్తల తర్వాత” అన్నాను. దీప చూస్తుండడంతో ఆయన ఫోన్ తెరిచాడు.

గొంతు సవరించుకున్నాడు. గోదావరికి ఎగువన వానల సంగతి చదివాడు. ఒక ఉద్యోగ ప్రకటన చదివాడు. బొటనవేలు జరిపాడు. “గోదావరిఖని. ఆగని ఉత్పత్తి, అందని మస్టర్. కాలనీలోని ఒక క్వార్టర్‌లో ఏళ్ల తరబడి ఒకే కార్మికురాలు మూడు షిఫ్టులూ నడుపుతున్నట్టు తెలిసింది. తెల్లవారుజామున నల్లా నీళ్లతో మొదలైన డ్యూటీ రాత్రి గిన్నెలతో ముగుస్తోంది. ఆదివారం పనిచేస్తే గని కార్మికుడికి ప్లే డే కింద రెట్టింపు జీతం ఉండగా, ఈమెకు ఆదివారం రెట్టింపు పని మాత్రమే ఉంది.”

ఆడవాళ్లలో ఎవరో కిసుక్కున నవ్వారు. ముత్యం కాక తొడ మీద కొట్టుకున్నాడు. “ఎవడు రాసిండో గని మస్తు రాసిండు. ఇంకోటి సదువు.”

మా ఆయనకు హుషారొచ్చింది. గొంతు ఇంకా పెంచాడు. “స్టోర్సులో చురుకు, ఇంట్లో సుస్తు. వేల బోల్టుల్లో ఏది ఏ అరలో ఉందో చూడకుండానే చెప్పగల ఒక స్టోర్స్ ఉద్యోగికి, తన బనీను ఏ తీగ మీద ఆరుతోందో మాత్రం ఇప్పటి వరకు తెలియరాలేదు. వివరాల కోసం ఆయన రోజూ భార్యను కేకేస్తున్నారు.”

“మీ స్టోర్సోడేనా, ఎవడే గాడు?” అన్నాడు ముత్యం కాక.

“ఉంటరు కాకా గిసోంటోళ్లు” అని మా ఆయన కూడా నవ్వాడు. బనీను మీద తువ్వాలు సర్దుకుంటూ నవ్వాడు. అప్పటికి ఆడవాళ్లు నవ్వడం మానేసి నన్ను చూస్తున్నారు. నేను ఆయన బొటనవేలును చూస్తున్నాను.

“షిఫ్టు పుకారు వెనుక అసలు నిజం” అని మొదలుపెట్టాడు. బిక్షం కుర్చీలో ముందుకు జరిగాడు. “వానాకాలం మొదట్లో ఫస్టు షిఫ్టు లేదంటూ కాలనీ గ్రూపులో వచ్చిన తప్పుడు మెసేజీని పెట్టింది ఒక ఇల్లాలని ఇంతకాలం ప్రచారం జరిగింది. అది పూర్తిగా అవాస్తవం. మెసేజీ పడిన సమయానికి ఆమె తన అత్తను కంటి దవాఖానకు తీసుకెళ్లి ఉంది. ఫోన్ స్టోర్సులో, భర్త జేబులో ఉంది. ‘ఫోన్ ఆమె చేతుల ఉండె’ అని చెప్పిన ఆమె భర్త, స్టోర్స్ ఉద్యోగి, నర్...”

బొటనవేలు అక్కడ ఆగింది. ఆయన పెదవులు ఆ అక్షరం మీదే ఉన్నాయి.

“సదువన్నా” అన్నాడు బిక్షం, మెల్లగా.

“ఫోన్... ఫోన్ ఆగింది.”

దీప లేచి ఆయన చేతిలోంచి ఫోన్ తీసుకుంది. “ఆగలేదు సార్” అని తనే చదివింది. “నర్సింగం మాట అబద్ధం. ఈ గేటు దగ్గర రోజూ మీరు వింటున్న వార్తలను ఏరి పెడుతున్నదీ, ఈ రీడర్‌ను పెట్టిందీ కూడా ఆమే. రాసినది, యమున.”

తలుపు దగ్గర నుంచి మా అత్త గొంతు వినిపించింది. “అవునురా బిక్షం. నాకు కండ్ల సుక్కలు ఏపియ్యనీకి తోలుకపోయింది ఆ దినం. నన్ను ఎవలడిగిండ్రు?”

బిక్షం లేచి “వదినె” అన్నాడు. మల్లక్క తల దించుకుంది. పర్వాలేదు అనే మాట నా నాలుక చివరికి వచ్చింది, అలవాటు కొద్దీ. దాన్ని మింగేశాను. కాసేపు వాళ్లను అలాగే నిలబడనిచ్చాను. నాకు ఆ కాసేపు చాలా హాయిగా ఉంది, దాచుకోను.

“అక్కా, రేపటి నుంచి క్లాసు మీదే” అంది దీప. సరే అన్నాను. నుస్రత్ గట్టిగా, “ముందుగాల ఈ క్వార్టర్ వార్తలు అందరి ఫోన్‌లల్ల వేసియ్యి యమునా” అంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే కొంగుల్లోంచి, చేతి సంచుల్లోంచి ఫోన్లు తీశారు. మల్లక్క అందరికంటే చివర తీసింది. అందరి ఫోన్లలోనూ రీడర్ వేసి, నా వార్తలు కలిపాను. మగవాళ్లు ఛాయ్ తాగకుండానే లేచారు. ఆ రోజు కుర్చీలు ఎవరివి వాళ్లే ఎత్తి గోడకు పెట్టారు.

అందరూ పోయాక ఆయన నా ముందు ఫోన్ చాపాడు. “నా ఇజ్జత్ దీసినవ్. తీసెయ్ దాన్ని.”

“ఏది?”

“అదే, నీ ఫీడ్. ఎట్ల పోతది అది?”

పేరు మీద నొక్కి పట్టి, తీసెయ్యమంటే పోతుంది. అంతే పని. “నాకు బటన్లు తెల్వయ్ గద” అన్నాను. “నీ ఫోన్ల తీసినా మల్లక్క ఫోన్ల వస్తది. బిక్షం ఇంట్ల చదువుతరు. రోజూ రాస్త. నేనేం కల్పియ్య, నువ్వు ఏం జేస్తే గదే రాస్త.”

ఆయన మంచం మీద ఉన్న తల్లి వైపు చూశాడు, ఆమె ఏదైనా అంటుందని. మా అత్త కొడుకును వదిలేసి నాతో అంది, “మీ మామ ముచ్చట గూడ రాయరాదే. చచ్చిపోయినోడని ఇడిసిపెట్టకు. నేను చెప్త.”

మరునాడు పొద్దున ఆయన తినడానికి కూర్చున్నాడు. తిని, కంచం వదిలేసి లేవబోయి, ఆగాడు. నా చేతిలో ఫోన్ ఉంది. కంచం ఎత్తుకుని వంటింట్లోకి వచ్చి, గిన్నెల దగ్గర చప్పుడు కాకుండా పెట్టాడు. ఇన్నేళ్లలో నేను ఎత్తకుండా ఆ కంచం అక్కడికి రావడం అదే మొదలు. గడపలో నిలబడి, నా వైపు చూడకుండా అడిగాడు.

“ఇది గూడ రాస్తవా?”

“కంచం తెచ్చి పెట్టుడు వార్త కాదు” అన్నాను. “కడుగు. అప్పుడు వార్త.”